వెక్టర్ బొమ్మ పేజీలోనే గీయాలా, బయట గీసి తెచ్చుకోవాలా? డీటీపీ పనికి ఏది కుదురుతుంది

2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ రోజుల్లో మిర్యాలగూడ వైపు నుంచి నా డీటీపీ షాపుకి, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు తయారుచేసే చోటికి, వచ్చిన మిల్లుల వాళ్లందరిదీ ఒకటే పని: ఆ పన్ను పడకుండా బస్తా మీద 25 తీసేసి 26 వేయాలి. కొందరిది ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఒకాయన పెన్‌డ్రైవ్‌లో మాత్రం జేపీజీ ఒక్కటే ఉంది. వరి కంకి, ఎర్ర చుట్టు, దాని మీద వంపు తిరిగిన పేరు, అన్నీ కలిసి ఒకే ఫొటో. విడివిడి గీతలుగా ఉండి ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగలిగే వెక్టర్ బొమ్మ కాదు. మూడు రంగుల బస్తాకి రంగుకో అచ్చు ప్లేటు కావాలి కాబట్టి అదంతా మళ్లీ గీయాల్సి వచ్చింది. రెండు రోజులు పట్టింది. డబ్బులిచ్చేటప్పుడు "ఒక్క అంకె మార్చనీకి ఇంతనా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆ జేపీజీ చేతిలో పెట్టి పంపింది మాలాంటి షాపు వాళ్లే.

అంతకు ముందు 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడూ ఇదే తంతు. సూర్యాపేట, భువనగిరి వాళ్ల లెటర్‌హెడ్‌ల మీద, లోగోల కింద 'నల్లగొండ జిల్లా' తీసేయాలి. అటు పాలమూరులో వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల వాళ్లదీ అదే పని. నారాయణపేట వాళ్లకు 2019లో వచ్చింది.

అందుకే "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని కొత్త పిల్లలు అడిగితే నేను ముందు ఇంకొకటి అడుగుతాను. ఈ ఫైలు మళ్లీ తెరవాల్సి వస్తుందా? వస్తే ఎవరు తెరుస్తారు? కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదవండి.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు తెలుగు అక్షరం. ఇంగ్లిష్‌లో రాసే పోలికల్లో ఇది ఉండదు, మనకు మాత్రం సగం తలనొప్పి ఇక్కడే.

మన షాపుల్లో ఇప్పటికీ నడుస్తున్నది అను స్క్రిప్ట్. ఇది యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో నడిచే, తెలుగు అక్షరానికి సొంత నంబరున్న పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్. ఒక గుడి, ఒక వత్తు, ఒక తలకట్టు విడివిడిగా ఉంటాయి, పక్కపక్కన పేర్చితే అక్షరం అవుతుంది. సాఫ్ట్‌వేర్ కంటికి మాత్రం అది ఇంగ్లిషే. కాబట్టి ఇంగ్లిష్‌కి చేసే మర్యాదలన్నీ దీనికీ చేస్తుంది. బొమ్మలు గీసే కోరల్‌డ్రాలో క్విక్‌కరెక్ట్ (తనంతట తానే దిద్దే సదుపాయం) ఆన్‌లో ఉంటే వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేస్తానని పోయి తెలుగు ముక్కనే మార్చేస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్, పేజ్‌మేకర్‌లలో టైపోగ్రాఫర్స్ కోట్స్ (కొటేషన్ గుర్తులను వంపు గుర్తులుగా మార్చేది) టిక్ పెట్టి ఉంటే కొటేషన్ గళ్లో ఉన్న వత్తు ఎగిరిపోతుంది. ఇన్‌డిజైన్ ఇంకో అడుగు ముందుకేసి హైఫన్ పెట్టి మాటను మధ్యలో విరుస్తుంది. ఈ మూడూ ఆపేశాకే అనులో టైపు మొదలుపెట్టాలి. ఇన్‌డిజైన్‌లో భాష దగ్గర 'నో లాంగ్వేజ్' అని పెడితే హైఫన్ గొడవ తీరుతుంది.

యూనికోడ్ అయితే కథ వేరు. అక్షరాలను కలిపి వత్తులను కింద కూర్చోబెట్టే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. అది చేతకాని చోట 'స్త్రీ' అని కొడితే పొల్లులతో మూడు ముక్కలుగా కనిపిస్తుంది. ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా ముందు 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' కొట్టి చూడండి, ఆ తర్వాతే మిగతా ముచ్చట. ఫాంట్లకు ఇప్పుడు కొదవ లేదు. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. గోలకొండ పత్రిక నడిపిన మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఒక ఫాంట్ ఉండటం నాకైతే ముచ్చటగా ఉంటుంది.

రెండోది రంగు. ఆఫ్‌సెట్ అచ్చుకి సీఎంవైకే (నాలుగు సిరాల పద్ధతి) కావాలి, బస్తాకి స్పాట్ కలర్లు (ముందే కలిపి పెట్టిన విడి సిరాలు) కావాలి, ఫోన్‌లో పంపేదానికి ఆర్‌జీబీ (తెర రంగులు) చాలు. అన్నిటికన్నా ప్రమాదం నలుపు. ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేలోకి మారిస్తే అది నాలుగు రంగుల నలుపు అవుతుంది. అచ్చులో వెంట్రుక వాసి పక్కకు జరిగినా చిన్న అక్షరాల చుట్టూ ఎరుపు, నీలం నీడలు వస్తాయి. అక్షరాల నలుపు ఒక్క నలుపు ప్లేటు మీదే ఉండాలి.

మూడోది, ఫైలు ఇక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందనేది. ఆఫ్‌సెట్ ప్రెస్‌కా, ఫ్లెక్స్ మిషన్‌కా, రేడియం కటింగ్‌కా, వాట్సాప్‌కా? ఒక్కోచోట ఒక్కో రకం కావాలి. నాలుగోది, మొదట్లో చెప్పిన రెండోసారి సంగతి. ఐదోది ఖర్చు. దాని గురించి ఎక్కువ రాయను, ఎవరి జేబు వాళ్లకు తెలుసు.

పేజ్‌మేకర్

ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చింది, 1994లో అడోబీ చేతికి పోయింది, 2001లో వచ్చిన 7.0 తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. అయినా మన దగ్గర బతికే ఉంది. కారణం అను, అలవాటు.

బొమ్మల విషయంలో మాత్రం దీని దగ్గర ఏమీ లేదు. గీత, పెట్టె, గుండ్రం, బహుభుజి, అంతే. వంపు గీసే పెన్ టూల్ లేదు, ట్రాన్స్‌పరెన్సీ లేదు, అన్‌డూ ఒక్కసారే. కాబట్టి బొమ్మ కచ్చితంగా బయట పుట్టాలి, ఈపీఎస్ (ప్రెస్ కోసం బొమ్మను దాచే పాత ఫైలు రకం) రూపంలో లోపలికి రావాలి. ఇక్కడో సంగతి ఉంది. షాపులో ఉండే మామూలు లేజర్ ప్రింటర్ పోస్ట్‌స్క్రిప్ట్ (ఈపీఎస్‌లో ఉండే అచ్చు భాష) తెలిసిన రకం కాకపోతే ఈపీఎస్ అసలు బొమ్మ అచ్చు కాదు, తెర మీద చూపించడానికి పెట్టిన మసక ప్రివ్యూ అచ్చవుతుంది. ప్రూఫ్ చూసిన పెళ్లివారు "వినాయకుడు గిట్లున్నడేంది?" అని గాబరా పడతారు. వాళ్లకు ప్రూఫ్ పీడీఎఫ్ చేసి చూపించండి, టెన్షన్ ఉండదు.

కొత్తవాళ్లు దీన్ని నేర్చుకోనక్కర్లేదు. పాత ఫైళ్లున్న వాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి: పేజ్‌మేకర్ ఫైళ్లను ఇన్‌డిజైన్ తెరిచేది సీఎస్6 వరకే. తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. ఆ పాత కంప్యూటర్‌ను పాత సామానుకు వేసే ముందు అవసరమైనవి మార్చి పెట్టుకోండి.

అన్నీ కోరల్‌లోనే

శుభలేఖ, పాంప్లెట్, విజిటింగ్ కార్డు, బిల్లు బుక్కు, ఫ్లెక్స్. ఇవే మీ పని అయితే కోరల్ ఒక్కటి చాలు. బొమ్మ, అక్షరం, పేజీ ఒకే చోట ఉంటాయి. పవర్‌క్లిప్ (బొమ్మను ఒక ఆకారం లోపల బిగించడం) చేత్తో చేసినంత సులువు. పాత లోగోను స్కాన్ చేసి పవర్‌ట్రేస్‌తో గీతలుగా మార్చుకోవచ్చు. అయితే ట్రేస్ చేసిన దాన్ని అట్లనే వదలకండి, గీత మీద వంద చుక్కలుండాల్సిన చోట వెయ్యి పెడుతుంది.

కోరల్ వాళ్లకు ఒక అలవాటుంది: పని కాగానే అంతా ఎంచుకొని కంట్రోల్+క్యూ. ఫాంట్ లేకపోయినా ప్రెస్ వాళ్ల దగ్గర ఫైలు తెరుచుకోవాలని అక్షరాలన్నిటినీ కర్వ్స్ (ఉత్త గీతల ఆకారాలు) చేసేయడం. మంచిదే, కాని అదే ఫైలును సేవ్ చేస్తే 25ను 26 చేసే దారి మూసుకుపోతుంది. కర్వ్స్ చేసింది వేరే పేరుతో పెట్టాలి. నా దగ్గర పేరు చివర 'లైవ్' అని ఒకటి, 'ప్రెస్' అని ఒకటి ఉంటాయి.

తెలుగును కర్వ్స్ చేస్తే ఇంకో చిక్కు. వత్తు అక్షరం మీదికి ఎక్కిన చోట, తలకట్టు కలిసిన చోట రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కర్వ్స్ చేయగానే అవి ఒకే ముక్కగా కలిసి ఆ అతుకు దగ్గర తెల్ల బొక్క పడుతుంది. చిన్న అక్షరాల్లో కనపడదు, బ్యానర్ మీద 'శ్రీ' ఎంత పెద్దదైతే బొక్క అంత పెద్దది. బ్రేక్ అపార్ట్ (ముక్కలు విడదీయడం) చేసి వెల్డ్ (ఒకటిగా అతకడం) చేస్తే పోతుంది. కాకపోతే వెల్డ్ చేసేటప్పుడు 'క' లోపలి ఖాళీలాంటివి నిండిపోకుండా చూసుకోవాలి.

దీని బలహీనత పేజీలు. నూట ఇరవై పేజీల సావనీరు కోరల్‌లో పెట్టినవాణ్ణి ఎరుగుదును, ఒక వ్యాసంలో రెండు పేరాలు పెరిగితే వెనక అరవై పేజీలు చేత్తో జరిపాడు. పాత వెర్షన్లో కొత్త ఫైలు తెరుచుకోదు, సీడీఆర్ ఫైలును ఇన్‌డిజైన్ తీసుకోదు.

ఇన్‌డిజైన్, పక్కన ఇలస్ట్రేటర్

పుస్తకాలు, పత్రికలు, సావనీర్లు చేసేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఇన్‌డిజైన్‌లో పెన్ టూల్ ఉంది, ఆకారాలను కలిపే, కోసే పాత్‌ఫైండర్ ఉంది, వంపు మీద అక్షరాలు నడుస్తాయి. మ్యాప్, బాణాలు, టేబుల్ పక్కన చిన్న గుర్తు, శీర్షిక వెనక ఆకారం ఇక్కడే గీయండి. పేజీ రంగులు మారిస్తే అవీ మారతాయి, ఇంకో ఫైలు వెతకనక్కర్లేదు. ట్రేసింగ్, బ్రష్ గీతలు, అక్షరాలను జెండాలా వంచడం లాంటివి లేవు. అవి కావాల్సిన బొమ్మను ఇలస్ట్రేటర్‌లో గీసి ప్లేస్ చేయాలి, అంటే ఆ ఫైలును పేజీలోకి తెచ్చి పెట్టాలి.

కాపీ కొట్టి పేస్ట్ చేయకూడదా? చేయొచ్చు. పిల్లలమర్రి ఊడల్లాంటి బొమ్మ పేస్ట్ చేస్తే పేజీలో వందల ముక్కలు పడతాయి, ఒక్కటి కదిలినా తెలియదు. ప్లేస్ చేస్తే లింక్ ఉంటుంది. బొమ్మ మీద ఆల్ట్ నొక్కి డబుల్ క్లిక్ చేస్తే ఇలస్ట్రేటర్ తెరుచుకుంటుంది, అక్కడ మార్చి సేవ్ చేస్తే పుస్తకంలో పది చోట్లున్న లోగో పది చోట్లా మారుతుంది. జిల్లా పేరు మార్చాల్సి వచ్చినప్పుడు దీని విలువ నాకు తెలిసింది. మిత్రుడికి ఫైలిచ్చేటప్పుడు ప్యాకేజ్ చేసి ఫోల్డర్ మొత్తం ఇవ్వండి, లేకపోతే లింకులన్నీ తెగి ఉంటాయి.

యూనికోడ్ తెలుగుకి పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ దగ్గర ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేయాలి. ఇవి తెలియక "ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదు" అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. లోటు ఖర్చు. 2013 నుంచి అడోబీది చందా పద్ధతి, నెలనెలా కట్టాలి.

ఇంక్‌స్కేప్‌తో స్క్రైబస్

ఇంక్‌స్కేప్ గీయడానికి, స్క్రైబస్ పేజీలు కూర్చడానికి. రెండూ ఉచితం. ఇంక్‌స్కేప్‌లో తెలుగు యూనికోడ్ చక్కగా కూడుతుంది, గీయడానికి ఏ లోటూ లేదు. స్క్రైబస్‌కు కూడా 2024 జనవరిలో వచ్చిన 1.6తో స్థిరమైన వెర్షన్‌లోనే మన లిపి కుదిరింది. సీఎంవైకే, స్పాట్ కలర్, ప్రెస్‌కి కావాల్సిన పీడీఎఫ్ అన్నీ ఇస్తుంది.

చిక్కు ఈ రెండింటి మధ్య ఉంది. ఇంక్‌స్కేప్‌ది ఆర్‌జీబీ లోకం. అక్కడి పీడీఎఫ్‌ను నేరుగా ప్రెస్‌కి పంపితే నేను పైన చెప్పిన నాలుగు రంగుల నలుపు వస్తుంది. కాబట్టి బొమ్మను ఎస్‌వీజీగా (ఇదీ వెక్టర్ ఫైలే) సేవ్ చేసి స్క్రైబస్‌లోకి తేవాలి, అక్కడ రంగుల పట్టికలో ఒక్కో రంగునూ సీఎంవైకే చేయాలి. తెచ్చే ముందు అక్షరాలను పాత్‌గా (గీతల ఆకారాలుగా) మార్చాలి, బ్లర్ లాంటివి తీసేయాలి, ఎందుకంటే స్క్రైబస్ వాటిని పట్టించుకోదు. ఓపిక ఉన్నవాళ్లకు పనికొస్తుంది. సాయంత్రం ఏడింటికి వచ్చి రేపు పొద్దునకు కార్డులడిగే గిరాకీ ఉన్న షాపులో మాత్రం నేను నమ్ముకోను.

| | పేజ్‌మేకర్ | కోరల్‌డ్రా | ఇన్‌డిజైన్+ఇలస్ట్రేటర్ | ఇంక్‌స్కేప్+స్క్రైబస్ |
|---|---|---|---|---|
| పేజీలోనే గీయడం | దాదాపు లేదు | పూర్తిగా | మామూలు బొమ్మలకు చాలు | స్క్రైబస్‌లో కొంత |
| అను | అలవాటైన చోటు | నడుస్తుంది, క్విక్‌కరెక్ట్ ఆపాలి | నడుస్తుంది, సెట్టింగులు మార్చాలి | దీనికోసం వద్దు |
| యూనికోడ్ తెలుగు | రాదు | కొత్త వెర్షన్లలో | వస్తుంది | వస్తుంది |
| సీఎంవైకే, స్పాట్ | ఉంది | ఉంది | ఉంది | స్క్రైబస్‌లో మాత్రమే |
| వంద పేజీల పుస్తకం | పర్వాలేదు | కష్టం | బాగా | పర్వాలేదు |
| బొమ్మ మారిస్తే పేజీలో మారడం | లింక్ ఉంది | అంతా ఒకే ఫైలు | లింక్ ఉంది | మళ్లీ తెచ్చుకోవాలి |

ఎఫినిటీ సంగతీ అడుగుతున్నారు. 2025 అక్టోబరు చివర్లో ఉచితం చేశారు, గీయడం, పేజీలు ఒకే యాప్‌లో ఉన్నాయి. ఇంగ్లిష్ పనికి చూడదగ్గదే. తెలుగుకి ముందు 'స్త్రీ' పరీక్ష పెట్టండి.

ప్రెస్‌కి ఏది పంపాలి

పీడీఎఫ్. పేజ్‌మేకర్‌లోకి తేవాల్సి ఉంటే తప్ప ఈపీఎస్ వాడకండి, అందులో ట్రాన్స్‌పరెన్సీ బతకదు. పీడీఎఫ్‌లో రెండు రకాలు అడుగుతారు. ఎక్స్-1ఏ అయితే నీడలు, పారదర్శకాలు అన్నీ చదును అయిపోతాయి, ఆర్‌జీబీ ఉండదు. ఎంత పాత ప్రెస్ అయినా తీసుకుంటుంది. చదును చేసిన చోట తెర మీద సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి, జూమ్ చేస్తే వాటి మందం మారకపోతే అవి అచ్చులో రావు. ఎక్స్-4 అయితే పారదర్శకాలు అట్లనే ఉంటాయి, కొత్త ప్లేట్ మిషన్లున్న చోట ఇదే మేలు. ప్రెస్ వాళ్లకు ఒక ఫోన్ చేసి అడగండి, అంచు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతకు పోయే అదనపు రంగు) ఇవ్వండి. కోరల్‌లో హెయిర్‌లైన్ అనే గీతను ఎక్కడా ఉంచకండి, 0.25 పాయింట్ కన్నా సన్నని గీత ప్లేటు మీద నిలవదు.

నా చేతులు కాలింది ఇంకో చోట. చెరువుగట్టు జాతర కరపత్రం, ఎర్ర నేల మీద తెల్ల 'ఓం'. పాత కరపత్రంలో అది నలుపు, ఓవర్‌ప్రింట్ ఫిల్ టిక్ పెట్టి ఉంది. నేను రంగు మాత్రం తెలుపు చేసి పంపాను. తెర మీద తెల్లగానే ఉంది. తెలుపుకి సిరా ఉండదు కదా, ఓవర్‌ప్రింట్ అంటే కిందిది చెరపకు అని అర్థం. 2000 కాగితాలు ఎర్రగా వచ్చాయి, ఓం లేదు. అప్పటి నుంచి పీడీఎఫ్‌ను అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ పెట్టి ఒక్కో రంగు ఆపి చూడకుండా పంపను. ఇన్‌డిజైన్‌లో అయితే షిఫ్ట్+ఎఫ్6 నొక్కితే సెపరేషన్స్ (ఒక్కో రంగు ప్లేటు విడిగా) కనిపిస్తాయి.

ఎస్‌వీజీ వెబ్‌సైట్‌కి, యాప్‌కి. సాఫ్ట్‌వేర్ల మధ్య ఇచ్చిపుచ్చుకునేటప్పుడు సైజు చూసుకోవాలి. ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెల్స్ లెక్కేస్తుంది, ఇలస్ట్రేటర్ 72. అక్కడ పిక్సెల్స్‌లో 6 సెంటీమీటర్లు గీసిన లోగో ఇక్కడ 8 అయి కూర్చుంటుంది.

ఫ్లెక్స్ వాళ్లు టిఫ్ గానీ జేపీజీ గానీ అడుగుతారు. నిజం సైజులో 72 నుంచి 100 డీపీఐ (అంగుళానికి చుక్కలు) సరిపోతుంది, పదడుగుల బ్యానర్‌కి 300 పెడితే ఫైలు బరువు తప్ప లాభం లేదు. జాతర ఆర్చి లాంటివి పీడీఎఫ్‌గా ఇస్తే కొలత చూసుకోండి. మామూలుగా పీడీఎఫ్ పేజీ 200 అంగుళాలు దాటదు, అంటే పదహారడుగుల ఎనిమిది అంగుళాలు. అంతకు మించితే పదో వంతు సైజులో చేసి ఆ మాట ఫైలు పేరులోనే రాయండి.

ఎవరికి ఏది

కార్డులు, పాంప్లెట్లు, బిల్లు బుక్కుల షాపు పెట్టేవాళ్లు కోరల్ తీసుకోండి, అను నేర్చుకోండి, యూనికోడ్ మెల్లగా అలవాటు చేసుకోండి. పాత గిరాకీ అంతా అనులోనే ఫైళ్లు పట్టుకొస్తుంది.

పుస్తకాలు, కాలేజీ మ్యాగజైన్లు ఎక్కువగా వచ్చేవాళ్లు నెలనెలా కట్టగలిగితే ఇన్‌డిజైన్. కట్టలేకపోతే స్క్రైబస్‌లో యూనికోడ్‌తో చేయండి. వ్యాసాలు ఎట్లాగూ ఫోన్లో టైపు చేసి యూనికోడ్‌లోనే పంపుతున్నారు, మళ్లీ అనులోకి మార్చి తప్పులు దిద్దే పని తప్పుతుంది.

చేనేత సంఘాల వాళ్లు చీర లేబుల్, ట్యాగ్ కోసం వస్తుంటారు. నారాయణపేట గళ్లు, గద్వాల అంచు వెక్టర్‌లో ఇంక్‌స్కేప్‌తో హాయిగా వస్తాయి. ఒక గడి గీసి టైల్డ్ క్లోన్స్ పెడితే అంచు పొడవునా పరుచుకుంటుంది, మొదటి గడి మారిస్తే అన్నీ మారతాయి. పోచంపల్లి మాత్రం వెక్టర్‌లో నాకు నచ్చదు. నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు కాబట్టి ఆ పువ్వు అంచు కాస్త చెదిరి ఉంటుంది, అదే దాని అందం. పెన్ టూల్‌తో గీస్తే కత్తితో కోసినట్టు వస్తుంది. బట్టనే 300 డీపీఐలో స్కాన్ చేసి వెనక పెట్టండి, సంఘం పేరు, గుర్తు మాత్రం దాని మీద వెక్టర్‌గా ఉంచండి.

రేడియం కటింగ్ వాళ్లకు కోరల్ అయినా ఇంక్‌స్కేప్ అయినా ఒకటే. మిషన్ రంగును చూడదు, గీతనే కోస్తుంది. మందమైన గీత పెట్టి వదిలేస్తే దాని నడిమి దారిన కోసుకుంటూ పోతుంది, అందుకని స్ట్రోక్‌ను పాత్‌గా మార్చాలి. అక్షరాలను వెల్డ్ చేయాలి, ఇంక్‌స్కేప్‌లో దాన్నే యూనియన్ అంటారు. బండి అద్దం మీద అతికించే 'శ్రీ'లో రకారవత్తు ఊడి చేతికొస్తే వెల్డ్ మర్చిపోయినట్టే. షీటు మీద పెట్టే ముందు అవుట్‌లైన్ వ్యూలో ఒకసారి చూడండి. అక్షరం లోపల అడ్డంగా పోయే గీత ఒక్కటి కూడా కనిపించకూడదు.